పండుకున్న నిప్పు

ఆ రోజు ఆకాశం పొలంలోకి దిగి కూర్చుంది. మబ్బని అనలేం, మంచని అనలేం. ఏకి కుప్ప పోసిన ఉన్నిలా ఎటు చూసినా తెల్లగా ఉంది. తూర్పు ఎటుందో గొర్రెలకు మాత్రమే తెలిసినట్టు అన్నీ ఒకే వైపు ముఖం పెట్టి నిలబడ్డాయి. కురుమ బీరయ్య గొంగడి నెత్తి మీదుగా కప్పుకొని మంద చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు చేతుల్లో రెండు పిల్లలున్నాయి. రెండూ రాత్రి పుట్టినవే. రెండూ కట్టెల్లా బిగుసుకుపోయాయి.

వాటిని గట్టు మీద పక్కపక్కన పెట్టాడు. భార్య కొమురవ్వ చూసి, "ఐదు" అంది.

"ఊఁ" అన్నాడు బీరయ్య.

నాలుగు రాత్రుల్లో ఐదు. ఇంకా పదకొండు గొర్రెలు ఈనాల్సి ఉంది.

నెగడు ఉంటే ఇవి చచ్చేవి కావు. తడి పిల్లను మంట పక్కన గంటసేపు పడుకోబెడితే తనే లేచి తల్లి దగ్గరికి పోతుంది. ఈ సంగతి బీరయ్యకు తెలుసు, గొర్రెలకు తెలుసు. జిల్లాకు తెలియదు.

జిల్లాకు ఆ ఏడు 'పొగ లేని జిల్లా' పోటీలో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చిన జిల్లాకు సముద్రం ఉందట. పొగంతా అటు వెళ్లిపోతుందట. సముద్రం తెప్పించడం తమ పరిధిలో లేదు కనుక పై అధికారులు మంటల మీద పడ్డారు. నాలుగు రోజుల కింద ఊరికి ఒక ఉత్తర్వు వచ్చింది. దాన్ని పట్టుకుని పంచాయతీ కార్యదర్శి సుధీర్ మంద దిగిన పొలానికి వచ్చాడు. సుధీర్‌కు కొత్తగా పెళ్లయింది, కొత్తగా ఉద్యోగమైంది, గట్టిగా మాట్లాడటం ఇంకా అలవాటు కాలేదు. అందుకని కాగితాన్నే మాట్లాడించాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఆరుబయట మంట వేయదలచిన వారెవరైనను ఆమోదిత సంచార నిప్పు పరికరమునందు మాత్రమే వేయవలెను."

"గా పరికరం ఏడ దొరుకుతది సారూ?" అని బీరయ్య అడిగాడు.

"జాబితాలో ఉంటుంది."

"జాబితా ఏది?"

సుధీర్ కాగితం తిప్పి చూపాడు. వెనక ఒక పట్టిక ఉంది. పైన వరుస సంఖ్య, పరికరం పేరు, తయారు చేసిన సంస్థ, చిరునామా అని అచ్చు వేసి ఉన్నాయి. కింద గీతలున్నాయి. గీతల మధ్య ఏమీ లేదు.

"ఇండ్ల ఏం లేదు గద."

"జాబితా వచ్చింది" అన్నాడు సుధీర్ నేల చూస్తూ. "పరికరాలు రావాలి."

కురుమలకు నిప్పు విషయంలో మూడు కట్టుబాట్లు ఉన్నాయి. గొర్రెలు ఈనే కాలంలో మొదటి పిల్ల పడ్డనాడు రాజేసిన నిప్పు చివరి పిల్ల పడేదాకా ఆరకూడదు. మధ్యలో అగ్గిపుల్ల గీసి ముట్టిస్తే మందకు అరిష్టం. అందుకని పగటి పూట దాన్ని వెడల్పు మూతి కుండలోకి ఎత్తుతారు. అడుగున ఊక, దాని మీద ఎండిన గొర్రె పెంటికలు, నడుమ నిప్పు, పైన బెత్తెడు మందాన బూడిద. మంద ఏ పొలానికి పోతే కుండ ఆ పొలానికి పోతుంది. సాయంత్రం బోర్లించి, ఊది, నాలుగు కట్టెలు వేస్తే నెగడు. రెండోది, నిప్పు అడిగినవాడు ఎవడైనా సరే, సగం ఇచ్చి పంపాలి. మూడోది, కుండలో నిప్పు ఉందా అని ఎవరడిగినా ఉందని చెప్పకూడదు, లేదని చెప్పకూడదు. ఉందంటే దిష్టి తగులుతుంది. లేదంటే అది వింటుంది, విని నిజంగానే పోతుంది. పండుకున్నది అనాలి.

ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి బీరయ్య కుండలో నిప్పు అలాగే పండుకుని ఉంది. రాత్రిపూట లేవలేదు. మంచు మాత్రం లేచింది.

"బావా, జాబితా ఖాళీగనే ఉన్నది గద. మన కుండనే ఎక్కిద్దాం" అన్నాడు కొమురవ్వ తమ్ముడు లింగస్వామి. అతను పదో తరగతి దాకా చదివాడు. బీరయ్య ఐదు చదివాడు. ఇద్దరూ కలిసి జిల్లా కేంద్రానికి పోయారు.

నూతన ఆవిష్కరణల ప్రోత్సాహక మండలి అని ఒక అద్దాల భవనం. అక్కడి గుమాస్తా వీళ్లు చెప్పింది విని, వ్యక్తులు జాబితాలో చేరరనీ, సంస్థలే చేరతాయనీ చెప్పాడు. సంస్థ కావాలంటే ఏం చేయాలని లింగస్వామి అడిగాడు. ఒక పెట్టుబడిదారు ముందుకు రావాలి. పెట్టుబడిదారు రావాలంటే మండలి ముందు విన్నపం చేసుకోవాలి.

"పెట్టుబడి మాకొద్దు సారూ. నెగడు కావాలె, గంతే" అన్నాడు బీరయ్య.

గుమాస్తా సొరుగులన్నీ వెతికాడు. "పెట్టుబడి వద్దనేవారికి వేరే దరఖాస్తు లేదయ్యా" అన్నాడు, మర్యాదగానే.

అలా బీరయ్య పారిశ్రామికవేత్త అయ్యాడు.

విన్నపం ఎలా చేయాలో నేర్పడానికి మండలి ఒక మార్గదర్శిని ఇచ్చింది. ఆవిడ పేరు హర్షిత. చేతిలో పలుచటి కంప్యూటరు. గొర్రెను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు కానీ మనసు మంచిది.

"మీరు పరిష్కరిస్తున్న సమస్య ఏమిటి?"

"సలి" అన్నాడు బీరయ్య.

"ఈ రంగంలో మీ పోటీదారులు ఎవరు?"

"ఎండ."

"దాని బలహీనత?"

"రాత్రి రాదు."

హర్షిత గబగబా టైపు చేసుకుంది. "చాలా స్పష్టంగా ఉన్నారు. ప్రయోగ దశలో ఎంత కాలంగా ఉన్నారు?"

"మా తాతల నాటి నుంచి."

"అయ్యో, బాగా ఆలస్యం చేశారండీ. వాడుకదారులు ఎంతమంది?"

"మూడు వందల నలభై."

"వాళ్ల అభిప్రాయం తీసుకున్నారా?"

"తెల్లారి లేస్తే నచ్చినట్టు."

"ఒకసారి వాడినవాళ్లు మళ్లీ వస్తున్నారా?"

"మేం అమ్మకుంటె వస్తయి."

సంస్థకు పేరు కావాలంది. బీరయ్య 'మంద' అన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఆ మాట రెండుసార్లు అనుకుని, ఇంత చిన్న పేరు తన అనుభవంలో వినలేదని మెచ్చుకుంది. నాలుగో నాటికి పిలుపు వచ్చింది. ఉత్తరం అడుగున ఒక వాక్యం ఉంది: 'నమూనాను పనిచేయు స్థితిలో తీసుకురావలెను.'

పనిచేయు స్థితి అంటే బీరయ్యకు ఒకటే అర్థం. ఆ పొద్దున గట్టు మీద పెట్టిన పిల్లలు రెండింటినీ పూడ్చిపెట్టి, కుండకు తడి గోనె చుట్టి, ఉట్టిలో పెట్టి, కర్రకు తగిలించుకున్నాడు. గొంగడి మూలన నాలుగు దోసిళ్ల పెంటికలు మూట కట్టుకున్నాడు.

"అక్కడ ఆర్పుకొని రాకుండ్రి" అంది కొమురవ్వ. "మన బూరి గొర్రె పొద్దుగూకేసరికి ఈనేటట్టున్నది."

బస్సులో కండక్టరు కుండలోకి తొంగి చూసి, బూడిద పట్నానికి ఎందుకని అడిగాడు. చూపియ్యడానికి అన్నాడు లింగస్వామి. అక్కడ లేదా అన్నాడు కండక్టరు. పక్క సీటులో ఒక ముసలాయన నిద్రలో కుండ మీదికి ఒరిగి, దిగాల్సిన ఊరు దాటి రెండు ఊళ్లు పోయి లేచాడు. ఇంత మంచి నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో అనుకుంటూ వెనక్కి నడిచాడు.

అద్దాల భవనం గుమ్మంలోనే అగ్నిమాపక పరిశీలకుడు విఠల్‌రావు అడ్డం నిలబడ్డాడు. ఆయన వెనక గోడకు ఎర్ర బకెట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కొక్క దాని మీదా తెల్ల రంగుతో 'అగ్ని' అని రాసి ఉంది. భవనంలో నిప్పు నిషిద్ధం కనుక ఆ బకెట్లకు ఏనాడూ పని పడలేదు. వాటిలో జనం టీ కప్పులు వేస్తున్నారు.

విఠల్‌రావు వేడి కొలిచే పిస్తోలు లాంటి పరికరం తీసి కుండకు గురిపెట్టాడు. అది తడి గోనెను చూసి ఇరవై ఒకటి అంది. మూతి దగ్గర వంగి చూశాడు. బూడిద. వాసన చూశాడు. బూడిదే.

"ఇందులో నిప్పు ఉందా?"

లింగస్వామి నోరు తెరిచాడు. బీరయ్య అతని కాలు తొక్కాడు.

"పండుకున్నది సారూ."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"పండుకున్నది."

విఠల్‌రావు చేతిలోని ఫారంలో రెండే గడులు ఉన్నాయి. ఉంది, లేదు. ఆయన కలం రెంటి మధ్యా చాలాసేపు ఊగింది. లింగస్వామికి జాలి కలిగింది. "సారూ, మీ ఆఫీసుల పండుకున్నోన్ని లెక్కల పట్టుకుంటరా?" అన్నాడు.

విఠల్‌రావుకు తన పక్క కుర్చీలో పదేళ్లుగా నిద్రపోతున్న ఒక సీనియరు గుర్తొచ్చాడు. "హాజరులో పట్టుకుంటాం" అన్నాడు నిదానంగా. "పనిలో పట్టుకోం." ఆ మాటతో ఆయనకే దారి దొరికింది. స్కేలు పెట్టి మూడో గడి గీశాడు. దాని మీద 'పండుకున్నది' అని రాసి, టిక్కు పెట్టి, లోపలికి పొమ్మన్నాడు.

సమావేశపు గది మంచుగడ్డలా ఉంది. ఆ చలి యంత్రం మీట రాజధానిలో ఉందట. తగ్గించమని రెండు వేసవుల కింద రాసిన ఉత్తరానికి జవాబు రావాలట. నిండు చలికాలంలో సంయుక్త సంచాలకులు సదానందం గారు సన్మానాల్లో వచ్చిన శాలువాలు మూడు ఒకదాని మీద ఒకటి కప్పుకుని అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. పక్కన పెట్టుబడిదారు నిరంజన్ గారు. ఖరీదైన కోటు, నీలం పెదవులు. ఆ పక్కన హర్షిత, వేళ్ల కొసలు చంకల్లో దాచుకుని.

వీళ్ల ముందు వచ్చిన కుర్రాళ్లు ఫోనులో మంట చూపించే విద్య తెచ్చారు. కట్టెలు చిటపటలాడే చప్పుడు కూడా వచ్చింది. సభ్యులంతా చప్పట్లు కొట్టి, చేతులు మళ్లీ చంకల్లో పెట్టుకున్నారు.

"మంద సంస్థ" అని పిలిచారు.

సదానందం గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధన ఏడును అనుసరించి ప్రదర్శన తప్పనిసరి. నిబంధన పదకొండును అనుసరించి ఈ ప్రాంగణంలో నిప్పు నిషిద్ధం. ఉభయ నిబంధనల గౌరవానికీ భంగం వాటిల్లకుండా, తమరు తమ నిప్పు పరికరాన్ని నిప్పు లేకుండా ప్రదర్శించవలసిందిగా మండలి కోరుతున్నది."

బీరయ్య కుండను తెచ్చి వాళ్ల బల్లకు ముందు నేల మీద పెట్టాడు. తడి గోనె విప్పాడు. పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గిదే" అన్నాడు.

సభ్యులు ఎదురుచూశారు. బీరయ్యకు ఇంక చెప్పడానికి ఏముంది? కుండ పని కుండ చేస్తోంది. అతను వాళ్ల చేతులను చూస్తూ కూర్చున్నాడు. గొర్రెను కొనేటప్పుడు పళ్లు చూస్తాడు. మనుషుల దగ్గర చేతులు చూస్తాడు.

మొదట హర్షిత చేతులు చంకల్లోంచి బయటికి వచ్చాయి. తర్వాత నిరంజన్ గారి కుర్చీ జానెడు ముందుకు జరిగింది. సదానందం గారు ఒక శాలువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. కాసేపటికి ముగ్గురూ బల్లను దాటి వచ్చి, కుండ చుట్టూ కుర్చీలు వేసుకుని, దాని మూతి మీద అరచేతులు చాపి మాట్లాడుకుంటున్నారు. ఎందుకు చాపారో ఎవరికీ తట్టలేదు. ఆ చేతులకు తట్టింది, చాలు.

"పొగ లేదు" అన్నారు నిరంజన్ గారు అరచేతులు తిప్పుతూ.

"మంట లేదు" అన్నారు సదానందం గారు చేతులు రుద్దుకుంటూ. "ఒక నిప్పు పరికరం ఇంతగా నిప్పుకు దూరంగా ఉండటం మండలి చరిత్రలో ఇదే ప్రథమం."

"నాకు ఇక్కడ ఏదో ఆప్యాయత తెలుస్తోంది."

"అది మా మండలి వాతావరణమండీ."

లింగస్వామి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బీరయ్య మూట విప్పి, గుప్పెడు పెంటికలు తీసి, బూడిద అంచున వేలితో గుచ్చాడు.

"అవేమిటి?" అని నిరంజన్ గారు ఒకటి తీసుకున్నారు. రెండు వేళ్ల మధ్య దొర్లించి, వెలుతురుకు పట్టి చూశారు. "ఎంత సమానంగా ఉన్నాయి! ఏ యంత్రం మీద చేస్తారు?"

"మూడు వందల నలభై ఉన్నయి సారూ యంత్రాలు" అన్నాడు లింగస్వామి. "పగలూ రాత్రీ అదే పని."

పెంటిక చేతులు మారి సదానందం గారి దాకా వెళ్లింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని, పూర్తిగా సేంద్రియమని తేల్చారు.

నిరంజన్ గారు అసలు సంగతికి వచ్చారు. "నేను ముందుకొస్తే నాకెంత వాటా ఇస్తారు?"

అడిగినవాడికి ఇవ్వాల్సిందే. బీరయ్య తడుముకోలేదు. "సగం."

"సగమా? మీకేం మిగులుతుంది?"

"ఎంత ఉన్నదో గంత. సగం ఇచ్చినా మాది తగ్గది."

"ఇంకొకరు వచ్చి అడిగితే?"

"ఆయనకూ సగం."

నిరంజన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాననీ, ఎంతమందికి సగం ఇచ్చినా సగం మిగిలే సంస్థను ఇప్పుడే చూస్తున్నాననీ, ఆ గణితం తనకు అర్థం కాకపోవడమే దాని గొప్పతనమనీ అన్నారు. తాను సిద్ధం. ఒకటే షరతు.

"ఇందులో నిప్పు అనే అంశం ఉంది చూశారూ, అదొక్కటే ప్రమాదం. అది తీసేయండి."

"నిప్పు తీస్తె అది కుండ సారూ" అన్నాడు బీరయ్య.

"సరిగ్గా! కుండకు ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా ఆమోదం దొరుకుతుంది."

బీరయ్య లేచి నిలబడ్డాడు. ఆ రోజు మొత్తం మీద అతను ఎక్కువ మాట్లాడింది అప్పుడే. "సారూ, మా పిల్లలు సచ్చిపోతున్నయి. నాలుగు రాత్రులల్ల ఐదు పోయినయి. పొద్దుగూకేసరికి ఇంకోటి పడేటట్టున్నది. రాత్రి మంట వేసుకునుడుకు ఒక కాగితం ఇయ్యుండ్రి. ఇంకేం వద్దు."

సదానందం గారి ముఖం పాలిపోయింది. "పిల్లలా? ఎవరి పిల్లలు?"

"గొర్రెపిల్లలు."

"హమ్మయ్య" అని ఆయన వెనక్కి వాలారు. "అది పశుసంవర్ధక శాఖ."

ఆ వెంటనే తీర్మానం చెప్పి రాయించారు. 'మంద సంస్థ వారి నిప్పుకుండను, నిప్పు మినహా, ఆమోదిత సంచార నిప్పు పరికరముగా జాబితాలో ఒకటవ వరుసలో చేర్చడమైనది. జిల్లాలో ఇది ఏకైక నమూనా అగుటచేత, దీనిని మండలి ముందరి గదిలో అద్దాల పెట్టెయందు శాశ్వతముగా ఉంచవలెను. సంచార పరికరమును కదిలించుట నేరము.'

"ఐతె మాకు కుండ కూడ లేదా?" అన్నాడు లింగస్వామి.

"మీకు వరుస సంఖ్య ఉంది బాబూ" అన్నారు సదానందం గారు ఆప్యాయంగా.

అప్పుడు విఠల్‌రావు ఫారం పట్టుకుని వచ్చాడు. తాను ఒక మూడో గడి గీశాడనీ, తనిఖీకి వచ్చినవాళ్లు రేపు అడిగితే ఏం చెప్పాలనీ దిగులుగా అడిగాడు. సదానందం గారు ఆ కాగితాన్ని గౌరవంగా చూశారు. సంతకం పడిన ఫారం తప్పు కావడానికి వీల్లేదు. కనుక నిబంధననే సరిచేయాలి. రెండో తీర్మానం రాయించారు. 'పండుకొనిన స్థితియందలి నిప్పు, ఈ ప్రాంగణములోను, జిల్లా అంతటను, నిప్పుగా పరిగణింపబడదు. ఇకపై అన్ని తనిఖీ ఫారములందును మూడవ గడి ఉండవలెను. పండుకొనిన నిప్పు మరల లేచు విషయము మండలి దృష్టికి రాలేదు.' చివరి వాక్యం విఠల్‌రావు జాగ్రత్త కోసం చేర్పించుకున్నాడు.

బీరయ్య ఆ చివరి వాక్యాన్ని లింగస్వామి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇక కుండకు ముద్ర వేయాలి. గుమాస్తా కుండ మూతి మీద గుడ్డ కట్టి, లక్క కరిగించి పోసి, మండలి ముద్ర అద్దాడు. ముద్ర కాసేపు నిలిచి, మెల్లగా సాగి, కుండ పక్క నుంచి కిందికి జారింది. మళ్లీ పోశాడు. మళ్లీ జారింది. మూడోసారి సదానందం గారు స్వయంగా అద్దారు. ముద్రలోని అక్షరాలు ఒకదాని వెంట ఒకటి కరిగిపోవడం అందరూ నిలబడి చూశారు.

"నాసిరకం లక్క" అన్నాడు విఠల్‌రావు. "సరఫరా చేసినవాడి మీద విచారణ వేయాలండీ."

"లక్కే కాదు" అంది హర్షిత, చెయ్యి కుండకు దగ్గరగా పెట్టి. ఆవిడ బీరయ్య వైపు చూసింది. బీరయ్య ఆవిడ చేతుల వైపు చూశాడు. ఆ అమ్మాయికి ఏదో తెలిసింది. తెలిసిన తర్వాత వేళ్లు ముడుచుకుని, "లోపలి బూడిదలో ఏదో రసాయనం ఉన్నట్టుంది. దాన్ని తీసేస్తే మంచిది" అంది.

విఠల్‌రావుకు అది తన శాఖ మాటలా వినిపించింది. నడుం నిటారు చేశాడు. "ఔను. వ్యర్థ పదార్థాలను ఆవరణలో ఉంచరాదు. విన్నపదారులు తమ వ్యర్థాలను తామే, తక్షణమే తొలగించుకోవాలి."

"ఇప్పుడే తీస్కపోతం సారూ" అన్నాడు బీరయ్య. అంత వేగంగా అతను మాట్లాడటం లింగస్వామి తన అక్క పెళ్లినాడు కూడా వినలేదు.

దేనిలో తీసుకుపోవాలి? విఠల్‌రావు గోడ దగ్గరికి వెళ్లి, 'అగ్ని' అని రాసిన ఎర్ర బకెట్ ఒకటి దింపి, టీ కప్పులు పారబోసి తెచ్చాడు. రశీదు రాయించుకున్నాడు: 'బూడిద వ్యర్థము, ఒక బకెట్టు. ఖాళీ చేసి బకెట్టు తిరిగి అప్పగించవలెను.' బీరయ్య గొంగడి కొనతో కుండ అంచులు పట్టుకుని, కదిలీ కదలకుండా వంచి, నిప్పు నడుమకు వచ్చేటట్టు బకెట్లోకి దించాడు. పైన మళ్లీ బూడిద సర్దాడు. నిద్రపోయే పిల్లను ఒక ఒళ్లోంచి ఇంకో ఒళ్లోకి మార్చినట్టు చేశాడు ఆ పని.

సాగనంపడానికి నిరంజన్ గారు గుమ్మం దాకా వచ్చారు. కట్టుబాటు ప్రకారం బీరయ్య బకెట్ ఆయన ముందుకు చాపాడు. "మీ సగం తీసుకోండ్రి సారూ."

"నా వాటా మీ దగ్గరే ఉండనివ్వండి, పెరుగుతుంది" అన్నారాయన.

ఖాళీ అయిన కుండ మీద లక్క ముద్ర ఈసారి ఠీవిగా నిలిచింది. సభ్యులు లోపలికి వెళ్లి కూర్చున్నారు. అద్దం తలుపు మూసుకునే లోపల బీరయ్యకు కనిపించింది, సదానందం గారు మూడో శాలువా మళ్లీ కప్పుకోవడం.

పొద్దు గుంకే వేళకు మంద చేరారు. పొలం మీది మంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. కొమురవ్వ బూరి గొర్రె దగ్గర కూర్చుని ఉంది. దాని నడుము పక్కలు ఎగసిపడుతున్నాయి.

"ఉన్నదా?" అంది.

"పండుకున్నది" అన్నాడు బీరయ్య.

ఆమె కుండ ఏదని అడగలేదు. ఎర్ర బకెట్‌నీ, దాని మీది అక్షరాల్నీ ఒకసారి చూసి, చీర చెరగుతో దాని అంచు తుడిచింది.

"సగం మనది, సగం కోటేసుకున్న నిరంజన్ సారుది అక్కా" అన్నాడు లింగస్వామి. "జర తోవ ఇడిసి కూసో. ఆయన పక్క కాళ్లు సాపకు."

"నీ పక్క ఏదిరా?"

"బావ పక్కనే నాది. పది సదివినా నాకు వాటా రాలే."

గట్టు మీద బండి ఆగింది. సుధీర్ దిగి వచ్చాడు. సాయంత్రం ఆరు గంటల తనిఖీ. చెవులకు మఫ్లరు చుట్టుకున్నా పళ్లు కొట్టుకుంటున్నాయి. ఫోను తీశాడు. మధ్యాహ్నమే వచ్చిన కొత్త ఫారం అందులో వెలిగింది. గట్టు పక్కన కొత్తగా మన్ను కప్పిన రెండు చిన్న గుంతలు అతని కంటపడ్డాయి.

"అమ్మా, ఏమనుకోకండి. అడగాలి" అన్నాడు. "ఇక్కడ నిప్పు ఉందా?"

ముగ్గురూ బీరయ్య వైపు చూశారు.

"పండుకున్నది సారూ."

సుధీర్ ఫారం కిందికి జరిపాడు. ఉంది. లేదు. పండుకున్నది. మూడో గడి మీద వేలు పెట్టాడు. 'తనిఖీ పూర్తయినది' అని వచ్చింది. 'దగ్గరలో అగ్నిమాపక సామగ్రి గలదా?' అని ఇంకో ప్రశ్న వచ్చింది. ఎర్ర బకెట్‌ను చూశాడు. 'గలదు, ఒకటి' అని నొక్కాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ పక్కనే బూరి గొర్రె ఒక్కసారి మూలిగింది. పిల్ల నేల మీద పడింది, నల్లగా, తడిసి, ఆవిరి కక్కుతూ.

కొమురవ్వ ఇక ఆగలేదు. బకెట్ బోర్లించి, చేత్తో బూడిద పక్కకు తోసి, వంగి మూడు ఊదులు ఊదింది. మొదటి ఊదుకు ఎరుపు కనిపించింది. రెండో ఊదుకు అది కళ్లు విప్పింది. మూడో ఊదుకు చిదుగులు అందుకున్నాయి. బీరయ్య తుమ్మ కట్టెలు వేశాడు. లింగస్వామి పిల్లను ఎత్తి తెచ్చి వెచ్చని వైపున పడుకోబెట్టాడు.

సుధీర్ గట్టు మీది బండి వైపు చూశాడు. నెగడు వైపు చూశాడు. గడియారం చూసుకున్నాడు. ఆరూ నాలుగు. తనిఖీ ఆరింటికి. అతను చెప్పులు విడిచి, వచ్చి, నిరంజన్ సారు సగంలో కూర్చుని చేతులు చాపాడు.

కొమురవ్వ జొన్న రొట్టెలూ ఎల్లిగడ్డ కారమూ విప్పింది. నాలుగు మోదుగాకులు పరిచింది. అడగకుండానే నాలుగో ఆకు సుధీర్ ముందు పెట్టింది. నలుగురూ రొట్టె తుంచుకుని తినసాగారు. సుధీర్ రెండుసార్లు నోరు తెరిచాడు; ఏదైనా అంటే అది రాయాల్సి వస్తుందని గుర్తొచ్చి రెండుసార్లూ ఆ నోట్లో రొట్టె ముక్క పెట్టుకున్నాడు. వాళ్ల మధ్య నల్లపిల్ల ముందుకాళ్ల మీద లేచింది, పడింది, మళ్లీ లేచి తల్లి వైపు నడిచింది. కొమురవ్వ దాన్ని కళ్లతోనే సాగనంపి, ఇంకో రొట్టె తీసి సుధీర్ ఆకులో వేసింది.